చిన్న విమానము – దూర ప్రయాణము



"ప్రార్థన చేసుకొని బయలుదేరితే చాలును, లెక్కలు వేసుకొనడము అవిశ్వాసము" అనే మాట మన సంఘములలో అప్పుడప్పుడు వినబడుతూ ఉంటుంది. ఆడపిల్ల పెండ్లికి అప్పు చేసేటప్పుడు వింటాము. మందిరానికి పునాది వేసేటప్పుడు వింటాము. జబ్బు మనిషిని చాలా ఆలస్యముగా పట్నానికి తీసుకుపోయేటప్పుడు కూడా వింటాము. ఆ మాట మీద వాదము పెట్టుకొనడానికి నాకు ఇష్టము లేదు. అయితే మంచి ప్రార్థనాపరులైన కొందరు, బలము చాలని చిన్న విమానములలో దూరదేశములకు ఎలా సిద్ధపడి వెళ్ళారో ఈ నెల చెప్పుకొందాము. విమానము గొడవ మనకెందుకని పేజీ తిప్పవద్దు. ఇందులో ఉన్న లెక్కలన్నీ ఐదవ తరగతి పిల్లవాడు చేయగలిగినవే.

1948 జనవరి 13న లండను నగరానికి దక్షిణముగా ఉన్న క్రాయ్‌డన్ విమానాశ్రయము నుండి ఇద్దరు యువకులు ఆఫ్రికా ఖండానికి బయలుదేరారు. ఒకరు జాక్ హెమ్మింగ్స్, విమానము నడిపేవారు. రెండవవారు స్టూవర్ట్ కింగ్, ఇంజనీరు. ఇద్దరూ రెండవ ప్రపంచ యుద్ధములో బ్రిటిషు వైమానిక దళములో పనిచేసినవారే. హెమ్మింగ్స్ గారు యుద్ధకాలములో మన కలకత్తాలో ఉండి, బంగాళాఖాతపు తీరము వెంబడి విమానములు నడిపారు. యుద్ధము ముగిసిన తరువాత వీరిద్దరు మిషనరీ ఏవియేషన్ ఫెలోషిప్ అనే కొత్త సహవాసములో చేరారు. యుద్ధములో బాంబులు మోసిన విమానము శాంతికాలములో మందులను, రోగులను, దైవసేవకులను మోయగలదు కదా అన్నదే ఆ సహవాసము వారి తలంపు. మధ్య ఆఫ్రికాలో ఏ ప్రాంతానికి విమానము నిజముగా అవసరమో కళ్ళారా చూచి రావడానికి ఈ ఇద్దరిని పంపించారు.

వారికి ఇచ్చిన విమానము పేరు మైల్స్ జెమిని. చెక్కతోను ప్లైవుడ్డుతోను చేసినది. నలుగురు కూర్చోవచ్చును. రెండు ఇంజనులు, ఒక్కొక్కటి 100 గుర్రపు శక్తి మాత్రమే. చీనా దేశములో సేవచేసిన మిల్‌డ్రెడ్ కేబుల్ అనే మిషనెరీ అమ్మగారి పేరును ఆ విమానానికి పెట్టుకొన్నారు. దానితో ఐరోపా దాటాలి, మధ్యధరా సముద్రము దాటాలి, ఆపైన ఆఫ్రికా ఎండలలోను కొండలలోను నెలల తరబడి తిరగాలి.

ఇంతకంటె చిన్నవి కూడా ఉన్నవి. అమెరికాలో పైపర్ కబ్ అనే రెండు సీట్ల విమానము చాలా పేరు గలది. దాని ఇంజను 65 గుర్రపు శక్తి. మన ఊళ్ళలో దున్నే ట్రాక్టరు 35 గుర్రాలది అనుకొంటే, రెండు ట్రాక్టర్లకు కూడా సరికాదు. లెక్క తేలికగా అర్థమవుతుంది గనుక ఇక్కడ కబ్‌నే తీసుకొందాము. జెమిని అయినా మరొకటి అయినా పద్ధతి ఇదే.

మొదట భూపటము. బల్ల మీద పటము పరచి, బయలుదేరే చోటు నుండి చేరవలసిన చోటికి స్కేలు పెట్టి పెన్సిలుతో గీత గీస్తారు. ఆ గీత మీద కొంత దూరానికొక గుర్తు పెట్టుకొంటారు. ఆ గుర్తులు పైనుండి చూస్తే పొరపాటు పడడానికి వీలులేనివై ఉండాలి. రైలుదారి నదిని దాటే వంతెన మంచి గుర్తు. పెద్ద చెరువు మంచిదే గాని, ఒకే తీరున ఉన్న చెరువులు పది ఉన్న చోట అది మోసము చేస్తుంది. వేసవిలో ఎండిపోయే చెరువు అసలు గుర్తే కాదు. ఒక్కొక్క గుర్తు దగ్గరకు ఎన్ని నిమిషాలకు చేరాలో పక్కనే రాసుకొంటారు. దిక్సూచి చూపే ఉత్తరము అసలు ఉత్తరము కాదు గనుక ఆ తేడాను కూడా సవరించుకొంటారు. ఒక డిగ్రీ తప్పితే, 60 మైళ్ళు పోయేసరికి మైలు దూరము పక్కకు పోతారు. 5 డిగ్రీలు తప్పితే 5 మైళ్ళు. మబ్బు పట్టిన రోజున 5 మైళ్ళ అవతల ఉన్న ఊరు కనబడదు.

ఇక గాలి. చిన్న విమానానికి గాలి ఎంత పెద్ద సంగతో ఈ లెక్క చూడండి.

మన కబ్ గంటకు 120 కిలోమీటర్ల వేగముతో పోతుంది. 240 కిలోమీటర్ల దూరములో ఉన్న ఊరికి పోయి తిరిగి రావాలి. గాలి లేకపోతే పోవడానికి 2 గంటలు, రావడానికి 2 గంటలు, మొత్తము 4 గంటలు. ఇప్పుడు ఎదురుగాలి గంటకు 40 కిలోమీటర్లు వీస్తున్నది అనుకొనండి. పోయేటప్పుడు ఎదురైతే వచ్చేటప్పుడు తోడవుతుంది గదా, రెండూ సరిపోవును అని మనకు తోస్తుంది. సరిపోవు. పోయేటప్పుడు నేల మీద వేగము 80కి పడిపోతుంది, 3 గంటలు పడుతుంది. వచ్చేటప్పుడు 160, గంటన్నర. మొత్తము నాలుగున్నర గంటలు. గాలి తీసుకొన్నది గంట, తిరిగి ఇచ్చినది అరగంట.

అదే దూరము గంటకు 400 కిలోమీటర్లు పోయే పెద్ద విమానానికి ఇవ్వండి. గాలి ఉన్నా లేకపోయినా దాని రాకపోకలలో ఒక్క నిమిషము కూడా తేడా రాదు. అదే గాలి, అదే దూరము. బలము గలవాడికి తెలియనే తెలియదు, బలము చాలనివాడికి అరగంట పోతుంది. కూలి చేసుకొని బ్రతికే ఇంటిలో ఒక్క వారము జ్వరము ఎంత పని చేస్తుందో తెలిసిన మనకు ఈ లెక్క కొత్తది కాదు.

ఇప్పుడు పెట్రోలు. కబ్ ట్యాంకులో 45 లీటర్లు పడుతుంది. గంటకు సుమారు 16 లీటర్లు ఖర్చవుతుంది. గాలి లేని రోజున 240 కిలోమీటర్లకు 32 లీటర్లు చాలును, ఇంకా 13 లీటర్లు మిగులుతుంది. ఎదురుగాలి రోజున 3 గంటలకు 48 లీటర్లు కావాలి. ట్యాంకులో 45 మాత్రమే ఉన్నది. అంటే ఊరు కనుచూపు దూరములో ఉండగా ఇంజను ఆగిపోతుంది. బండి అయితే రోడ్డు పక్కన ఆపుకొంటాము. గాలిలో పక్క అనేది లేదు.

అందుకని తెలివి గలవాడు 240 కిలోమీటర్లను ఒక్క దూకులో పోడు. మధ్యలో దిగి పెట్రోలు పోసుకొంటాడు. దిగేటప్పటికి ట్యాంకులో కనీసము అరగంటకు సరిపడా మిగలాలని నియమము. జాగ్రత్త గలవారు గంటకు ఉంచుకొంటారు. ఆ మిగులు పెట్రోలును ప్రయాణపు లెక్కలో అసలు కలుపుకొనరు. అది ఉన్నది, కాని లేనట్టే. మన అమ్మమ్మలు బియ్యపు డబ్బా అడుగున దాచిన రూపాయల వంటిది.

మధ్యలో దిగితే సరిపోదు, అక్కడ పెట్రోలు ఉండాలి. ఇది ముందే పంపించి పెట్టుకోవలసిన సంగతి. మన దేశపు సంగతి ఒకటి చెబుతాను. 1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా గారు పుస్ మాత్ అనే ఒంటి ఇంజను చిన్న విమానములో 25 కిలోల తపాలా సంచులు పెట్టుకొని కరాచీ నుండి బొంబాయికి వచ్చారు. దారిలో అహమ్మదాబాదులో దిగినప్పుడు విమానానికి పెట్రోలు వచ్చినది ఎడ్లబండి మీద! బొంబాయి నుండి నెవిల్ విన్సెంట్ అనే ఆయన తపాలాను బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చారు. బొంబాయి నుండి మద్రాసుకు ఒక్క బిగిన పోకుండా బళ్ళారిలో ఎందుకు దిగాలి? పైన చెప్పిన లెక్కే కారణము. ఎడ్లబండి వేళకు వచ్చి నిలిచినది గనుక విమానము వేళకు లేచినది. ఆ బండి తోలిన మనిషి పేరు ఎవరికీ తెలియదు.

పెట్రోలు ఎక్కువ పోసుకొంటే భయము లేదు గదా అనవచ్చును. పెట్రోలుకు కూడా బరువు ఉన్నది. లీటరుకు ముప్పావు కిలోకు కొంచెము తక్కువ. 45 లీటర్లు 32 కిలోలు. కబ్ తన బరువు గాక మోయగలిగినది సుమారు 206 కిలోలు. పెట్రోలు తీసివేస్తే 174. ఇద్దరు మనుష్యులు 140. మిగిలినది 34 అని సంతోషించవద్దు, సామాను పెట్టే చోటు 9 కిలోలకే బిగించినది. ఇంకొక ట్యాంకు పెట్టాలంటే ఒక మనిషి దిగాలి.

ఎంత బరువు అన్నదే కాదు, ఎక్కడ అన్నది కూడా ముఖ్యము. ఎడ్లబండి తోలినవారికి దీనిని ఎవరూ నేర్పనక్కరలేదు. బస్తాలన్నీ వెనుక వేస్తే కాడి పైకి లేస్తుంది. ముందు వేస్తే ఎద్దు మెడ విరుగుతుంది. విమానములో వెనుక బరువెక్కువైతే ముక్కు పైకి లేచి, రెక్కలకు గాలి పట్టు తప్పి, పిడుగు పడినట్టు పడిపోతుంది. కాబట్టి మిషను విమానములలో ఎక్కే ప్రతివారిని తూకపు బల్ల మీద నిలబెడతారు. బిషప్పు గారైనా సరే, ఆయన పుస్తకాల పెట్టె అయినా సరే. అమ్మగారు తెచ్చిన మామిడిపండ్ల బుట్టను కూడా తూచి, ఎక్కువైతే నమస్కారము పెట్టి తిరిగి ఇచ్చేస్తారు. మొహమాటము ఇక్కడ పనికిరాదు. మన ఇండ్లలో సగము అప్పులు మొహమాటము వలననే వచ్చినవని నా అభిప్రాయము, ఎవరూ నొచ్చుకోవద్దు.

ఇప్పటి వరకు చెప్పినది చదును నేల మీద ప్రయాణము. హెమ్మింగ్స్, కింగ్ గార్లు పోయినది ఎత్తైన దేశానికి. నైరోబీ నగరము సముద్రమట్టానికి సుమారు 1,660 మీటర్ల ఎత్తున ఉన్నది. పైకి పోయే కొద్ది గాలి పలుచబడుతుంది. ఇంజను కూడా మనలాగే గాలి పీల్చుకొని పనిచేస్తుంది. సాధారణమైన ఇంజనుకు ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు నూటికి సుమారు 3 వంతుల బలము తగ్గుతుంది. క్రాయ్‌డన్‌లో 100 గుర్రాల ఇంజను నైరోబీలో 84 గుర్రాలదే. రెక్కలను మోసే గాలి కూడా పలుచనే.

దానికి తోడు ఎండ. వేడెక్కిన గాలి ఇంకా పలుచబడుతుంది. నైరోబీ ఎత్తున మధ్యాహ్నము వేడి 30 డిగ్రీలకు చేరితే, విమానము తాను 2,600 మీటర్ల ఎత్తున ఉన్నట్టే ప్రవర్తిస్తుంది. ఉదయము అల్లంత దూరములో నేల విడిచిన విమానము, అదే బరువుతో, అదే మైదానములో, మధ్యాహ్నము చెట్ల దాకా పరుగెత్తినా లేవదు. చూడడానికి ఏమీ మారలేదు. నేల అదే, ఇంజను చప్పుడు అదే. మారినది కంటికి కనబడనిది. అందుకే ఇటువంటి దేశములలో చిన్న విమానము నడిపేవారు తెల్లవారకముందే లేచి, చల్లని గాలిలో పని ముగించుకొంటారు. పొలానికి పోయే రైతు వేళ కూడా ఇదే. మధ్యాహ్నము దాటితే వేడికి లేచిన మబ్బులు ఉరుములై కూర్చుంటాయి. వాటి మధ్యకు చెక్క విమానము పోకూడదు.

కొండల సంగతి ఇంకా కష్టము. గాలి కొండకు తగిలి ఒక పక్క పైకి ఎక్కుతుంది, అవతలి పక్క కిందికి జారుతుంది. ఏటి నీరు బండరాతి మీదుగా ఎక్కి దిగినట్టే. కబ్ సముద్రమట్టము దగ్గర నిమిషానికి సుమారు 135 మీటర్లు ఎక్కగలదు. కొండ వెనుక జారే గాలి నిమిషానికి 300 మీటర్లు కిందికి లాగవచ్చును. అప్పుడు ఇంజను పూర్తి బలముతో అరుస్తూ ఉన్నా, ముక్కు ఆకాశము వైపే ఉన్నా, విమానము నిమిషానికి 165 మీటర్లు దిగిపోతూ ఉంటుంది. బలమైన ఇంజను ఉంటే ఆ జారుడులో నుండి ఎక్కి బయటపడుతుంది. బలహీనమైన దానికి దారి ఒక్కటే, వెనుకకు తిరగడము. తిరగడానికి చోటు ఉండాలి. అందుకని లోయ నడిమధ్య పోకుండా ఒక పక్కను పట్టుకొని పోతారు, రెండవ పక్క తిరగడానికి ఖాళీగా ఉంటుంది. కొండ వరుసను ఎదురుగా కాక ఏటవాలుగా సమీపిస్తారు, దాటలేమని తెలిస్తే సగము మలుపుతోనే బయటపడవచ్చును. బయలుదేరక ముందే తిరిగివచ్చే దారిని చూచుకొని లోపలికి పోవడము అన్నమాట.

ఈ తిరిగివచ్చే సంగతిని కూడా నేల మీద ఉన్నప్పుడే నిర్ణయించుకొంటారు. పటము మీద 40 కిలోమీటర్ల దగ్గర వంతెన గుర్తు పెట్టుకొన్నాము. 20 నిమిషాలకు రావాలి. 30 నిమిషాలకు వచ్చినది. అంటే ఎదురుగాలి 40 కిలోమీటర్లు ఉన్నట్టు. పెట్రోలు చాలదని అప్పుడే తెలిసింది, ఇంకా ట్యాంకులో చాలా ఉన్నది, వెనుక గాలి తోడుగా ఇల్లు దగ్గరే. ఇక్కడ తిరిగితే ఒక రోజు పోతుంది. ఇంకొంచెము చూద్దామని పోతే, తిరగడానికి కూడా చాలని చోటు ఒకటి వస్తుంది. ఆ చోటికి ఏ బోర్డూ ఉండదు. దాటిన తరువాత గాని దాటినట్టు తెలియదు. కాబట్టి "ఈ గుర్తు ఈ నిమిషానికి రాకపోతే తిరుగుతాను" అని కాగితము మీద రాసుకొని, గాలిలో మనసు ఏమి చెప్పినా ఆ కాగితానికే లోబడాలి.

లోబడడము ఎందుకు కష్టమో చెబుతాను. వినోదానికి ఎగిరేవాడికి తిరగడము సులువు. మిషను విమానము నడిపేవాడి వెనుక సీటులో ప్రసవవేదన పడే తల్లి ఉండవచ్చును. ముందున్న ఊరిలో మందుల కోసము ఎదురుచూచే డాక్టరు గారు ఉండవచ్చును. "ఇది దేవుని పని గదా, దేవుడే దాటిస్తాడు" అని మనసు చెబుతుంది. విమానములోకి ఎక్కే బరువులన్నింటిలో అపాయకరమైనది ఈ మాటే అని నా తలంపు. పని పరిశుద్ధమైనదైనంత మాత్రాన పెట్రోలు ఒక్క గ్లాసు కూడా పెరగదు. వెనుక సీటులోని తల్లికి కావలసినది ధైర్యశాలియైన పైలటు కాదు, చేర్చే పైలటు.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము ఈ కళ్ళతో ఒకసారి చదవండి. ఆ ఓడలో పౌలు ఉన్నాడు. ఆయన రోమాకు చేరాలన్నది దేవుని చిత్తమని ఆయనకు ముందే తెలుసు. అయినా మంచిరేవులు అనే చోట, కాలము మించిపోయినది, ఇప్పుడు పోతే నష్టము కలుగును అని చెప్పినవాడు ఆయనే. శతాధిపతి పౌలు మాట కంటె ఓడ యజమానుని మాట నమ్మాడు. మెల్లగా వీచిన దక్షిణపు గాలి చూచి అందరూ సంతోషించారు. తరువాత ఏమైనదో మనకు తెలుసు. ఆ తుపానులో కూడా నావికులు లోతు కొలిచారు, 20 బారలు, కొంచెము పోయాక 15 బారలు. నాలుగు లంగరులు వేశారు. బరువు తగ్గించడానికి గోధుమలు సముద్రములో పారబోశారు. ఎవరి ప్రాణమూ పోదని దేవదూత చెప్పిన తరువాత కూడా ఈ పనులన్నీ జరిగినవి. ఓడ పోయినది, 276 మంది బ్రతికారు.

ఇంత జాగ్రత్తగా పోయినవారికి ఏమీ కాదా? అవుతుంది. హెమ్మింగ్స్, కింగ్ గార్లు నెలల తరబడి మధ్య ఆఫ్రికాలో తిరిగిన తరువాత, 1948లోనే, నాడు బెల్జియము పాలనలో ఉన్న బురుండి కొండలలో వారి విమానము కూలిపోయింది. అక్కడ టాంగన్యీకా సరస్సు ఒడ్డు నుండి నేల గోడలాగ లేచి 2,600 మీటర్లకు పైగా పోతుంది. జెమిని ముక్కలైపోయినది. అయితే ఇద్దరూ చిన్న దెబ్బలతో నడిచి బయటకు వచ్చారు. అదే ఏడాది డిసెంబరులో, ఖండాలకు అవతల ఈక్వడార్ దేశపు కీటో నగరములో, నేట్ సెయింట్ అనే మిషనెరీ పైలటు విమానము కూడా లేచిన కొద్దిసేపటికే కూలినది. కీటో 2,800 మీటర్ల ఎత్తున ఉన్నది, చుట్టూ కొండలు. ఆయన వెన్నెముకకు దెబ్బ తగిలి కట్టుతో మంచము మీద ఉండిపోవలసి వచ్చింది.

అయితే లెక్కలన్నీ వృథాయేనా అని అడుగుతారు. నేను వృథా అనను. పథకము వేసుకొన్నవారికి ఆపద రాదని ఎవరూ మాట ఇవ్వలేదు. వచ్చిన ఆపద నుండి నేర్చుకోవడానికి మాత్రము లెక్క కావాలి. ఏమి అనుకొన్నామో రాసి ఉంటేనే గదా ఎక్కడ తప్పినదో తెలిసేది. ఆ ఇద్దరు తెచ్చిన సమాచారము వృథా కాలేదు. 1950లో సూడాను దేశములో ఆ సహవాసము విమాన సేవ మొదలుపెట్టినది, స్టూవర్ట్ కింగ్ గారు అందులో ఉన్నారు. నేడు వారి విమానములు ఇరవైకి పైగా దేశములలో తిరుగుతున్నవి. హెమ్మింగ్స్ గారు ఆ సేవకు విరాళాలు పోగుచేయడానికి 2024లో, తన 102వ ఏట, యుద్ధకాలపు స్పిట్‌ఫైర్ విమానములో ఎగిరారు. మరుసటి ఏడు ప్రభువునందు నిద్రించారు. నేట్ సెయింట్ గారు కోలుకొని మరల ఎగిరారు. ఇంజనుకు పెట్రోలు అందే దారి మూసుకుపోతే రెండవ దారిన అందేటట్టు ఒక చిన్న ఏర్పాటు తన చేతులతో చేసి పెట్టుకొన్నారు. ఒంటి ఇంజను విమానములో అడవి మీద ఎగిరేవారికి అది ఎంత ఊరటయో ఊహించండి.

ఇంకొక పని చెప్పకపోతే ఈ లెక్క పూర్తి కాదు. ఎక్కడికి, ఏ దారిన, ఎన్ని గంటలకు, ఎంతమందితో, ఎంత పెట్రోలుతో పోతున్నారో రాసి ఇంటి దగ్గర వదిలిపెట్టాలి. దీనికి ఖర్చు లేదు, బరువు లేదు. అయినా మనుష్యులు ఎక్కువగా మరచిపోయేది దీనినే. నేట్ సెయింట్ గారి భార్య మార్జ్ గారు షెల్ మేరా అనే ఊరిలో తమ ఇంటిలో రేడియో ముందు కూర్చొని, ఆయన ఎక్కడ ఉన్నారో రాసుకొంటూ ఉండేవారు. ఒక పక్క పిల్లలు, ఒక పక్క వంట, చెవి మాత్రము రేడియో మీద. విమానములో ఒకరు ఉంటే పథకములో ఇద్దరు ఉన్నారు.

1956 జనవరి 8, ఆదివారము. నేట్ సెయింట్ గారు మరి నలుగురు యువ మిషనెరీలతో కురారాయ్ నది ఒడ్డున ఇసుక మేట మీద ఉన్నారు. బయటి వారిని ఎరుగని వౌరానీ జనులను కలిసికొనడానికి వెళ్ళారు. సాయంత్రము నాలుగున్నరకు మరల రేడియోలో మాట్లాడుతానని ఆయన భార్యకు చెప్పారు. నాలుగున్నర అయినది. రేడియో పలుకలేదు. మార్జ్ గారు గడియారము చూచుకొంటూ కూర్చున్నారు. చీకటి పడినది.

ఆయన ఒక వేళ చెప్పి ఉండకపోతే ఆ మౌనానికి అర్థమే ఉండేది కాదు. రేపు పలుకుతారేమో అని రోజులు గడిచిపోయేవి. చోటు చెప్పి ఉండకపోతే ఆ మహారణ్యములో ఒక చిన్న పసుపుపచ్చ విమానమును ఎక్కడని వెదకాలి? మరునాడు తెల్లవారగానే తోటి పైలటు జానీ కీనన్ గారు విమానము తీసుకొని తిన్నగా ఆ ఇసుక మేట దగ్గరకే పోయారు. కింద విమానము ఉన్నది, దాని గుడ్డ అంతా చీల్చివేయబడి ఉన్నది. మనుష్యులు కనబడలేదు. ఆయన చూచినది చూచినట్టు రేడియోలో చెప్పారు. షెల్ మేరాలో మార్జ్ గారు దానిని రాసుకొని, మిగిలిన నలుగురు భార్యలకు చెప్పడానికి లేచారు.